డార్క్ సన్‌ను కొత్త రూల్స్‌లోకి మార్చి అనంతపురంలో ఆడించిన నా అనుభవం

డి అండ్ డి, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట, ఆడేటోళ్ళు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ మా గుంపు ఒకటుంది, ఆదివారం మధ్యాహ్నం మా మిద్దె మీద రూములో కూర్చుంటాం, ఉగ్గాని బజ్జీ అయిపోయిందాకా ఎవురూ పాచికలు ముట్టుకోరు. ఈ గుంపుతోనే డార్క్ సన్ అనే పాత లోకాన్ని ఇప్పటి ఐదో ఎడిషన్ రూల్స్‌లోకి మార్చి ఆడిస్తున్నా. ఎట్ల మార్చినావన్నా, ఫార్ములా ఏమన్నా ఉందా అని ఇద్దరు ముగ్గురు అడిగినారు, విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే పనైపోతుందని ఇది.

ఆట తెలీనోళ్ళకి రెండు ముక్కలు. బోర్డు ఉండదు, గెలుపు ఓటమి ఉండవు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డీఎం అంటారు, ఇక్కడ అది నేనే. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని నేనిది చేస్తా నేనది చేస్తా అంటారు, అది కుదిరిందా లేదా అని ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తాం. 1974లో అమెరికాలో మొదలైన ఆట, అప్పట్నుంచి రూల్స్ మారతానే ఉన్నాయి. రెండో ఎడిషన్ 1989, మూడోది 2000, నాలుగోది 2008, ఐదోది 2014, దాన్నే సవరించి 2024లో మళ్ళీ వేసినారు.

డార్క్ సన్ అనేది రెండో ఎడిషన్ కోసం టీఎస్ఆర్ కంపెనీ 1991లో పెట్టెలో పెట్టి అమ్మిన లోకం. లోకం పేరు అథాస్. మామూలుగా ఈ ఆటల్లో పచ్చటి అడవులు, బంగారు నాణేలు, వీధికొక గుడి ఉంటాయి కదా, అథాస్‌లో అవేం లేవు. ఎర్రగా మాడిపోయే సూర్యుడు. సముద్రం ఉంది గానీ దాంట్లో నీళ్ళ బదులు మెత్తటి దుమ్ము. ఇనుము కనపడటమే గగనం, అందుకని కత్తులు ఎముకతోనో రాయితోనో చేసుకుంటారు, నాణేలు కాల్చిన మట్టివి, చిల్లర కావాలంటే వాటినే పది ముక్కలుగా విరుస్తారు. దేవుళ్ళు లేరు. ఏడు నగరాలున్నాయి, ఒక్కోదాన్ని ఒక్కో మాంత్రిక రాజు ఏలుతుంటాడు, చావు లేనోళ్ళ మాదిరి ఏండ్ల తరబడి వాళ్ళే. లోకం ఇట్ల ఎందుకైందంటే అక్కడ మంత్రానికి శక్తి చెట్టూచేమా నుంచి లాగాల. జాగ్రత్తగా లాగితే మొక్క బతుకుతుంది, ఆబగా లాగితే చుట్టుపక్కలంతా బూడిద. జాగ్రత్తగా లాగేటోడు ప్రిజర్వర్, బూడిద చేసేటోడు డిఫైలర్. ఆబగా లాగినోళ్ళు జాస్తి అయ్యేసరికి భూమే ఎండిపోయింది.

ఇది అమెరికావోళ్ళకి ఊహ కావచ్చు. మనకేమో, హగరి ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్లు దిక్కు పోయి చూడండి, ఇసుక మేటలు చేన్లలోకి పాకి ఉంటాయి, గాలి మాసాల్లో ఆ ఇసుక ఎట్ల లేస్తుందో అక్కడోళ్ళని అడగండి. జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల అటూఇటూ, అదీ పడితే. పెట్టెలో అథాస్ గురించిన పుస్తకం చదువుతుంటే నాకు కొత్తగా అనిపించింది మాంత్రిక రాజులు ఒక్కటే.

పీడీఎఫ్ కొనుక్కుని సప్తగిరి సర్కిల్ దిక్కు ఒక జిరాక్స్ అంగట్లో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించినా. ఆ అంగడి అన్న ప్రతి పేజీ తిప్పి చూసి "ఏం సబ్జెక్టు తమ్ముడూ ఇది" అన్నాడు, "ఆట అన్నా" అంటే నమ్మలే. కొత్త రూల్స్‌కి పెద్ద ఖర్చు కాలేదు, 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలినారు, ఆడటానికి అది చాలు. పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు మాత్రం ఇక్కడ అంగళ్ళలో యాడ దొరుకుతాయి, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా.

నాలుగో ఎడిషన్‌కి 2010లో డార్క్ సన్ పుస్తకం వచ్చింది. 2014 రూల్స్‌కి మాత్రం రాలేదు. అందుకే మనమే మార్చుకోవాల్సి వచ్చింది.

అందరూ మొదట అడిగేది అంకెల గురించి కాబట్టి అది చెప్పేస్తా. పాత రూల్స్‌లో థాకో అని ఒకటుండేది, కవచం అంకె సున్నా ఉన్నోణ్ణి కొట్టాలంటే పాచికలో ఎంత పడాలో చెప్పే అంకె. అప్పట్లో కవచం అంకె ఎంత తగ్గితే అంత గట్టి అన్నమాట, ఇప్పుడు రివర్సు, పెరిగితే గట్టి. ఇరవైలోంచి పాత అంకె తీసేస్తే కొత్త అంకె వస్తుంది, దాడి బోనస్ కూడా అంతే, ఇరవైలోంచి థాకో తీసేయడమే. చిన్న పిల్లోడు కూడా చేస్తాడు. అయితే దీంతో వచ్చిన రాక్షసుల్ని అట్లనే దింపితే ఆట పాడైపోతుంది, నేను బల్ల మీదకి తెచ్చే ముందే రెండు ఎడిషన్లలోనూ ఉన్న ఓగర్ అనే రాక్షసుణ్ణి పక్కపక్కన పెట్టి చూసినా. పాత ఓగర్‌కి కవచం 5, అంటే ఫార్ములా ప్రకారం 15 రావాల. ప్రాణం సుమారు 19 పాయింట్లు. థాకో 17, అంటే దాడి ప్లస్ 3. 2014 పుస్తకంలో అదే ఓగర్‌కి కవచం 11, ప్రాణం 59, దాడి ప్లస్ 6. చూసినారా, కవచం పలచన అయింది, ప్రాణం మూడింతలైంది. కొత్త రూల్స్‌లో కొడితే తగలాల, తగిలితే జాస్తి తగలాల, దానికి తగ్గట్టు ఎదుటోడికి ప్రాణం ఎక్కువ, ఆ లెక్కే వేరు. కాబట్టి ఫార్ములాతో కన్వర్ట్ చేయాకండి. కొత్త పుస్తకంలో దానికి దగ్గరగా ఉండే జీవిని తీసుకుని, పేరూ వేషమూ మార్చి, పాత జీవికి ఉండే ఒక్క విచిత్రమైన గుణం మాత్రం తగిలించండి. నేను మొత్తం అట్లనే చేసినా, ఒక్కోదానికి పది నిమిషాలు కూడా పట్టలే.

జాతులు కూడా పెద్ద పని కాలేదు. మిడత మాదిరి ఉండే థ్రీ-క్రీన్ జాతి 2022లోనే ఐదో ఎడిషన్‌కి అధికారికంగా వచ్చింది. హాఫ్-జెయింట్‌కి కొత్త రూల్స్‌లోని గోలియత్ జాతి గుణాలు. మనిషికీ డ్వార్ఫ్‌కీ పుట్టిన మల్‌కి హాఫ్-ఆర్క్ గుణాలు, పడిపోవాల్సినప్పుడు ఒక్కసారి నిలబడే గుణం ఉంది కదా, అది మల్‌కి అతికినట్టు సరిపోయింది. రాజు దగ్గర అధికారి పని చేసే టెంప్లర్లకి వార్లాక్ క్లాస్ (క్లాస్ అంటే పాత్ర చేసే పని, వార్లాక్ అంటే ఒక దొర దగ్గర శక్తి తెచ్చుకునే మాంత్రికుడు) పెట్టినా, శక్తి ఇచ్చే దొర ఎవురంటే మాంత్రిక రాజే. అథాస్‌లో అందరికీ పుట్టుకతో ఒక చిన్న మనోశక్తి ఉంటుంది, దానికి 2014 రూల్స్‌లో పూర్తి సైయోనిక్, అంటే మనోశక్తి వాడేటోడి, క్లాస్ లేదు, 2020లో వచ్చిన టెలికినెటిక్, టెలిపతిక్ ఫీట్లలో (ఫీట్ అంటే పాత్రకి అదనంగా వచ్చే సామర్థ్యం) ఒకటి అందరికీ ఊరికే ఇచ్చేసినా. మీకు పెద్ద టేబుల్ వేసుకునే ఓపికుంటే వేసుకోండి, నాకు లేదు.

ఆయుధాల దగ్గర మాత్రం ఆలోచించినా. పాత రూల్స్‌లో ఎముక కత్తికీ రాతి గొడ్డలికీ మైనస్‌లు ఉంటాయి. ప్రతి దెబ్బకీ మైనస్ గుర్తుపెట్టుకోవడం మావోళ్ళతో అయ్యే పని కాదు. ఎముకే మామూలు అనుకున్నాం, దేనికీ మైనస్ లేదు, ఇనుము దొరికితే దానికే ప్లస్ 1. ఇంకొకటి నాలుగో ఎడిషన్ నుంచి తీసుకున్నా. పాచికలో 1 పడితే మళ్ళీ వేయొచ్చు, అయితే నీ ఆయుధం విరిగిపోతుంది. వేయాలా వద్దా నీ ఇష్టం. ఇది బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది, ప్రతి 1కీ ఒక చిన్న పంచాయతీ.

ఇక అసలు సంగతి. కొత్త రూల్స్‌కీ అథాస్‌కీ అంకెల్లో తగువు లేదు, తగువంతా దానగుణంలో ఉంది. ఐదో ఎడిషన్ మహా దయగల ఆట, ఆటగాడు చిన్నచిన్న ఇబ్బందులు పడకూడదని రాసిన ఆట. ఒకటో లెవెల్ మంత్రం, నీళ్ళు సృష్టించేది, ఒక్కసారికి పది గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. ఇంకొక ఒకటో లెవెల్ మంత్రం వేస్తే పది పళ్ళు వస్తాయి, ఒక్క పండు తింటే రోజంతా కడుపు నిండినట్టే. మూడో లెవెల్ మంత్రమైతే ముప్పై గ్యాలన్ల నీళ్ళూ తిండీ కలిపి. రాత్రి ఎనిమిది గంటలు పండుకుంటే ఎన్ని దెబ్బలు తగిలినా తెల్లారేసరికి ప్రాణం మొత్తం తిరిగొస్తుంది. ఇవన్నీ ఉంచుకుని మీరు ఎంత ఎడారి వర్ణించినా ఎవురికీ దప్పిక పుట్టదు. పోనీ నీళ్ళ రూల్స్ లేవా అంటే ఉన్నాయి, మనిషికి రోజుకి గ్యాలన్ కావాల, ఎండలో రెండు, సగమే తాగితే పాచిక వేసి తట్టుకోవాల, లేకుంటే నీరసం ఒక మెట్టు ఎక్కుతుంది, ఆరు మెట్లు ఎక్కితే చావే. 2024 రూల్స్‌లో ఒక్కో మెట్టుకీ ఇరవై ముఖాల పాచిక వేసిన ప్రతిసారీ రెండు తీసేయమన్నారు, గుర్తుపెట్టుకోను సులువు, అది వాడినా. రూల్ మంచిదే, మంత్రాలే దాన్ని పనికిరాకుండా చేస్తాయి.

పండ్ల మంత్రం ఎత్తేసినా. మూడో లెవెల్ది కూడా ఎత్తేసినా. పండుకుంటే ప్రాణం మొత్తం రావాలంటే ఆ రోజు నీళ్ళు పూర్తిగా తాగి ఉండాల, నీడలో పండుకోవాల అని ఒక లైను చేర్చినా. నీళ్ళ మంత్రం ఎత్తేయలేను, ఎందుకంటే మా బ్యాంకు ఫ్రెండు నీటి పూజారిగా ఆడతానన్నాడు, అథాస్‌లో దేవుళ్ళు లేరు కాబట్టి పూజారులు నిప్పునో నీళ్ళనో కొలుస్తారు. వాడి మంత్రాన్ని పది గ్యాలన్ల నుంచి ఒక గ్యాలన్‌కి దించి, రోజుకి ఒక్కసారే అన్నా. వాడు "మామా, ఇది అన్యాయం, ఇంత దానికి పూజారి ఏంటికి, బిందె పట్టుకుని నిలబడొచ్చు కదా" అని గొణిగినాడు. ఆగు, చూడు అన్నా.

నీళ్ళ లెక్క పేపర్ మీద రాస్తే ఎవురూ రాయరు. దానికి చింతపిక్కలు పెట్టినా. ఒక పిక్క అంటే అర గ్యాలన్. పగలు నడిస్తే రోజుకి నాలుగు పిక్కలు గిన్నెలో వేయాల, రాత్రి నడిస్తే రెండు. ఒక్కొక్కరి ముందర వాళ్ళ పిక్కల కుప్ప. గిన్నెలో పిక్క పడే చప్పుడు ఉంది చూడండి, నేను ఎడారి గురించి ఎంత మాట్లాడినా రానిది ఆ చప్పుడుతో వచ్చింది, మొదట్లో నవ్వుకుంటా వేసినోళ్ళు కుప్ప సన్నబడేకొద్దీ ఒక్కొక్క పిక్కనీ వేళ్ళతో తిప్పి తిప్పి వేసేటోళ్ళు. బరువు కూడా లెక్కేసుకోండి. నలుగురు, పగటి నడక, వారం రోజులు అంటే 56 గ్యాలన్లు, రెండొందల లీటర్ల పైన, అంటే రెండొందల కిలోల పైన. మోయలేరు. కాబట్టి కాంక్ అనే పెద్ద పురుగు కావాల, దాన్ని కొనాలంటే డబ్బు కావాల, డబ్బు కోసం ఎవురి కిందనో పని చేయాల. ఆ నీళ్ళ లెక్కలోంచే నాకు కథ మొత్తం దొరికింది, వేరే ప్లాట్ రాసుకునే పనే లేకపోయింది.

కథ కాలం గురించి ఒక మాట. 1991 పెట్టెలో టైర్ అనే నగరాన్ని కలాక్ అనే మాంత్రిక రాజు ఏలుతుంటాడు. తర్వాత వచ్చిన నవలల్లో వాణ్ణి చంపేస్తారు, ఇంకా ఏమేమో అవుతాయి, 1995లో సవరించిన పెట్టె ఆ మార్పులన్నీ మీద వేసుకుని వచ్చింది. నాకు ఆ గోల వద్దు. ఇంకొకరి హీరోలు పెద్ద పనులన్నీ చేసేసినాక మావోళ్ళకి ఏం మిగులుతుంది, కాబట్టి కలాక్ బతికే ఉన్నాడు, పిరమిడ్ కట్టిస్తానే ఉన్నాడు. ఆ లోకంలో బానిసత్వం నిండా ఉంటుంది, దాని గురించి మొదలుపెట్టక ముందే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం, మా ఆటలో బానిసల్ని కొనేటోళ్ళు ఎవురూ ఉండరు, తప్పించుకుని వచ్చినోళ్ళే ఉంటారు అని తీర్మానం. మా చెల్లెలే ఆ మాట తెచ్చింది.

మావోళ్ళ గురించి చెప్పాల. బావ మల్, పారిపోయి వచ్చిన గ్లాడియేటర్. చెల్లెలు ప్రిజర్వర్ మాంత్రికురాలు. కాలేజీ జూనియర్ పిల్లోడు థ్రీ-క్రీన్. బ్యాంకు ఫ్రెండు పూజారి. బావకి ఈ ఆటలు కొత్త, ఆయన నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు, ఎండాకాలం పొద్దున ఐదుకి పోతే రాత్రికి వస్తాడు. ఊరికే పిలుస్తే వచ్చి కూర్చున్నాడు. అథాస్‌లో అందరికంటే బాగా ఆడింది ఆయనే.

ఒక రోజు వీళ్ళు ఒక పల్లె చేరినారు, తప్పించుకొచ్చిన బానిసలు ఒక బావి చుట్టూ కట్టుకున్న పల్లె. నేను పుస్తకం చూసి నీళ్ళకి ఒక ధర చెప్పినా. బావ ధర పట్టించుకోలే. "బావి ఎవురిది" అన్నాడు. అందరిదీ అన్నా. "అందరిదీ అంటే వంతు ఎవురు పెడతారు బామ్మర్దీ? తాళం ఎవురి కాడుంది? రాత్రి ఎవురు తోడుకుంటారు?" నా దగ్గర జవాబు లేదు, పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు ఒక ముసలామెని పుట్టించినా, వంతులు ఆమె పెడుతుంది అని. బావ నేరుగా ఆమె కాడికి పోయి, ధర మాట ఎత్తకుండా, "అవ్వా, బావి పూడిక ఎప్పుడు తీసినారు?" అన్నాడు. పూడిక తీసిస్తాం, మాకు మూడు రోజులు నీళ్ళియ్యి అని బేరం. పాచిక కూడా వేయనియ్యలే నేను, అట్ల అడిగినోడికి ఏ అవ్వ కాదంటుంది.

అంతవరకూ బాగుంది. మూడో రోజు మా పూజారి, పల్లెలో ఒక పసిబిడ్డ దప్పికతో ఏడుస్తుంటే ఆగలేక అందరి ముందరా మంత్రం వేసినాడు. ఒక్క గ్యాలన్. నేను దించి పెట్టిన ఆ ఒక్క గ్యాలనే. పల్లె మొత్తం చూసింది. మర్నాడు బయల్దేరుతుంటే అడ్డం నిలబడినారు, కత్తులు పట్టుకుని కాదు, చేతులు జోడించి. ఈయప్పని పోనియ్యం, మిగతావాళ్ళు పోండి. ఫ్రెండు నా మొహం చూసినాడు. "రోజుకి గ్యాలనే కదా మామా" అన్నాడు, ఈసారి గొణుగుడు లేదు. జూనియర్ పిల్లోడు "అన్నా, మనం ఉండిపోతే ఏమవుతుంది" అని అడిగినాడు, దాని మీద గంటసేపు మాట్లాడుకున్నారు, నేను టీ పెట్టుకొచ్చి తాగతా కూర్చున్నా. మంత్రం పాత లెక్కలోనే ఉండుంటే ఈ గంట ఉండేదే కాదు, రోజుకి 38 లీటర్లు పోసి టాటా చెప్పి పోయేటోళ్ళు.

ఆ రాత్రే పల్లె మీద దొంగలు పడినారు, ఇది నేను ముందే అనుకున్నది. డిఫైలింగ్ రూల్ ఎట్ల పెట్టినానంటే, మంత్రం తప్పితే మళ్ళీ పాచిక వేయొచ్చు, లేదా దెబ్బ మళ్ళీ వేసుకోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లయినా. ఫీజు ఏమంటే చుట్టూ ఉన్న పచ్చదనం బూడిద, దగ్గరున్న మనవోళ్ళకి కొంచెం ప్రాణం పోతుంది. ఇది కూడా నాలుగో ఎడిషన్ ఆలోచనే. రెండో ఎడిషన్‌లో డిఫైలర్ వేరే క్లాస్, వాడికి లెవెల్స్ తొందరగా వచ్చేవి, దాంట్లో మజా లేదు, మొదటిరోజే చెడ్డోడివా మంచోడివా తేల్చుకోవాల. ఇట్లయితే ప్రతి మంత్రం దగ్గరా ఆశ పెట్టొచ్చు.

చెల్లెలు నిలబడింది బావి పక్క చిన్న మడి గట్టు మీద. పల్లెకి ఉండే పైరంతా ఆ మడే. బావ కింద పడిపోయినాడు, ఒక దొంగ మీద నిలబడి ఉన్నాడు. చెల్లెలు మంత్రం వేసింది, తప్పింది. నేను ఏం మాట్లాడలే. డిఫైల్ చేస్తే మళ్ళీ వేయొచ్చని అందరికీ తెలుసు. ఆ పిల్ల పాచిక చేతిలోకి తీసుకుంది. బావ, పడిపోయున్న మనిషి పాత్రకి మాట్లాడే హక్కు లేదు అసలు, అయినా లేచి నిలబడి "పాపా, పైరు మీద వద్దు. నేను పోతే పోతా" అన్నాడు. అది మల్ అన్నాడో బావ అన్నాడో నాకిప్పటికీ తెలీదు. చెల్లెలు "గమ్మునుండు బావా, నువ్వు స్పృహలో లేవు" అని పాచిక వేసేసింది. తగిలింది. దొంగ చచ్చినాడు, బావ బతికినాడు, మడి పోయింది. తెల్లారి ఆ పల్లెవాళ్ళు పూజారిని కూడా పట్టుకోలే, పోండి అని చెప్పి ముసలామె తలుపేసుకుంది.

బావ రెండు వారాలు చెల్లెలితో ఆటలో మాట్లాడలే. ఆటలోనే లెండి, ఇంట్లో బాగానే ఉన్నారు.

ఎవురన్నా మీ దగ్గర ఇట్లాంటి పాత లోకం ఏదన్నా పెట్టుకుని మార్చాలనుకుంటే, పాత పుస్తకంలో ఏమేం ఉన్నాయో లిస్టు రాసుకునే ముందు, అక్కడ దొరకనివి ఏంటివో రాసుకోండి, కొత్త రూల్స్‌లో వాటిని ఊరికే ఇచ్చేసే మంత్రాలు, ఫీట్లు, బ్యాక్‌గ్రౌండ్లు వెతికి పట్టుకోండి. 2014 పుస్తకంలో ఔట్‌ల్యాండర్ అని ఒక బ్యాక్‌గ్రౌండ్, అంటే పాత్ర పూర్వకథ, ఉంది, తనకీ ఇంకో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్ళూ వెతికి తెస్తానంటుంది, కిందనే "ఆ నేలలో దొరికేటట్లయితే" అని కూడా రాసి ఉంటుంది, ఆ సగం వాక్యం ఎవురూ చదవరు. రాక్షసుల పని చివర్లో పెట్టుకోవచ్చు, అది వారం వారం అవుతుంది.

టెంప్లర్లది ఇంకా నాకు నచ్చలే, వార్లాక్ మంత్రాలు ఇచ్చినా గానీ ఊర్లో వాళ్ళ మాట చెల్లేది మంత్రంతో కాదు, పదవితో. ఎవుణ్ణైనా ఆపి సోదా చేసే అధికారం, జైల్లో వేసే అధికారం, వాటికి రూల్ ఏం రాయాలో తేలలే, ఇప్పటికి నోటిమాటగా నడిపిస్తున్నా.

మావోళ్ళు ఇప్పుడు ఉరిక్ వైపు పోతున్నారు. అక్కడి రాజు హమాను, పాత రూల్స్‌లో మాంత్రిక రాజులంటే ఇరవయ్యో లెవెల్ దాటిన డిఫైలరూ సైయోనిక్కూ కలిపి ఒకే మనిషి, కొత్త రూల్స్‌లో క్లాసులు ఇరవైతో ఆగిపోతాయి. 2014 పుస్తకంలోని లిచ్‌ని, అంటే చచ్చినా చావని మాంత్రికుణ్ణి, మూలంగా పెట్టుకున్నా, ఛాలెంజ్ (ఎంత ప్రమాదమో చెప్పే అంకె) 21, ప్రాణం 135, అది హమానుకి చాలదు, రెట్టింపు చేయాల్సిందే. చెల్లెలు మాత్రం ఆయన డిఫైలింగ్ ఎట్ల చేస్తాడో చూడాలని ఉందంటుంది. చూద్దాం, ముందు అక్కడిదాకా పోయే పిక్కలు లేవు వాళ్ళ కాడ.